ఎసరు కాగని పొయ్యి: సరిహద్దు ఇళ్లలో మగపిల్లల పెంపకం

మార్గశిరంలో లక్ష్మివారం వచ్చిందంటే దక్షిణ ఒడిశాలోని బరంపురం వీధులు తెల్లవారక ముందే మేలుకుంటాయి. గడపల ముందు తడి బియ్యప్పిండితో వేసిన లక్ష్మీపాదాలు, వరికంకుల ముగ్గులు కనిపిస్తాయి. ఒడియా ఇంటివారు వాటిని ఝోటి అంటారు, పక్కింటి తెలుగువారు ముగ్గు అంటారు. ఆ వారాల్లో ఒడియా ఇళ్లలో చదివే కథ ఇరుగుపొరుగు తెలుగువారికీ పరిచయమే. ఊరి చివర శ్రియ అనే చండాల స్త్రీ ఇల్లు అలికి, ముగ్గు పెట్టి పూజిస్తే లక్ష్మి ఆ ఇంట అడుగుపెడుతుంది. అది మైలని అన్నగారు బలభద్రుడు పట్టుబట్టడంతో జగన్నాథుడు భార్యను పూరీ శ్రీమందిరం నుంచి పంపేస్తాడు. ఆమె గడప దాటాక అన్నదమ్ములకు అన్నం పుట్టదు. పన్నెండేళ్లు బిచ్చమెత్తుతూ తిరిగి, చివరికి ఒక ఇంటి ముందు నిలబడి, బియ్యం ఇస్తే తామే వండుకుంటామంటారు. పొయ్యి రాజుకోదు. ఎసరు కాగదు. ఆకలికి తాళలేక ఆ ఇంట వండిన అన్నమే పెట్టమని అడుగుతారు. అది లక్ష్మి ఇల్లని తర్వాత గాని తెలియదు.

ఈ కథను అంటరానితనాన్ని నిలదీసిన కథగా చెప్పుకోవడం న్యాయం. అయితే అందులో మరో సంగతి కూడా ఉంది. లోకాలను నడిపించే ఇద్దరు అన్నదమ్ములకు ఒక్క పూట ఇల్లు నడపడం చేతకాదు. ఇల్లాలు వెళ్లిపోయేదాకా ఆ లోటు వారికే తెలియదు. చివరికి ఆమెను ఒప్పించి తెచ్చుకుంటారు, భోజనం మళ్లీ దొరుకుతుంది. వంట మాత్రం నేర్చుకోరు.

ఒడిశా దక్షిణపు అంచున ఉన్న గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ ప్రాంతంలో చాలా భాగం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పట్టణాల్లో ఒకే గోడకు అటు ఒడియా, ఇటు తెలుగు వినిపిస్తాయి. గత పాతికేళ్లలో ఇక్కడి ఆడవారి జీవితం చాలా మారింది. 2001 మార్చి 8న మొదలైన మిషన్ శక్తి వల్ల స్వయం సహాయక సంఘాలు ఊరూరా వెలిశాయి. పంచాయతీ పదవుల్లో 2012 ఎన్నికల నుంచి సగం మహిళలవి. 2024 సెప్టెంబరు 17న ప్రారంభమైన సుభద్ర పథకం కింద అర్హులైన మహిళల ఖాతాల్లో ఏడాదికి 10,000 రూపాయలు పడుతున్నాయి. బాల్యవివాహాలు లేని జిల్లాగా గంజాం 2022 జనవరిలో ప్రకటించుకుంది. వీటి అమలులో ఎన్ని లోపాలున్నా ఒక తరం ఆడపిల్లలతో ఎవరో ఒకరు కూర్చుని వారి భవిష్యత్తు గురించి మాట్లాడారు. బడిలో మాట్లాడారు, అంగన్‌వాడీలో మాట్లాడారు, సంఘం సమావేశంలో మాట్లాడారు.

వారి తమ్ముళ్లతో ఎవరూ మాట్లాడలేదు. అక్క మారిన లోకంలోకి వెళుతోంది. తమ్ముడు తాత కాలం నాటి సలహాతోనే పెరుగుతున్నాడు. సమతౌల్యం తప్పింది ఇక్కడే. ఆడపిల్లను నిలబెట్టే పథకాలు ఎన్ని వచ్చినా, ఆమె పక్కన నిలబడవలసిన మగపిల్లవాడిని ఎలా పెంచాలన్న ప్రశ్నను ఇల్లు గాని, బడి గాని, ప్రభుత్వం గాని తమదిగా తీసుకోకపోతే ఆ బరువంతా మళ్లీ ఆమె మీదనే పడుతుంది.

పెంపకం అనగానే పెద్దవాళ్లు చెప్పే నీతులు గుర్తుకొస్తాయి గానీ పిల్లలు నేర్చుకునేది వాటి నుంచి కాదు. ఎనిమిదేళ్ల కుర్రాడు తిన్న కంచం వదిలి లేస్తాడు, పదేళ్ల అక్క దాన్ని తీస్తుంది. తీయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, వదిలేయమని అతనికీ ఎవరూ చెప్పలేదు. అమ్మ నాన్న కంచం తీయడం ఇద్దరూ చూశారు, అంతే. ఇద్దరూ తమ తమ పాఠం నేర్చేసుకున్నారు. ఆ తర్వాత బడి గోడ మీద ఎన్ని నినాదాలు రాసినా అవి ఆ కంచం నేర్పిన పాఠం కింద నలిగిపోతాయి.

దేశమంతటి లెక్కా ఇదే చెబుతోంది. ఆరేళ్లు నిండినవారు రోజును ఎలా గడుపుతున్నారో తెలుసుకునేందుకు 2019లో జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసిన స్త్రీలు నూటికి 81 మంది, పురుషులు 26 మంది. చేసినవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వే వచ్చేసరికి స్త్రీల సమయం 289 నిమిషాలకు, పురుషుల సమయం 88 నిమిషాలకు తగ్గింది. ఆడవారికి మిగిలిన ఆ పది నిమిషాలు మగవారు పని పంచుకోవడం వల్ల వచ్చినవి కావన్నది స్పష్టం. గ్యాసు పొయ్యి, కుళాయి, మిక్సీ కొంత భారం తీసుకుని ఉండవచ్చు. ఇంట్లో మనుషుల మధ్య పని పంపకం దాదాపు ఉన్నచోటే ఉంది.

బరంపురం నేతకారుల ఇళ్లలో ఈ పంపకం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. రాజమండ్రి వైపు నుంచి మహురి రాజు పిలుపు మీద వచ్చారని చెప్పుకునే తెలుగు మూలాల దేరా నేతకారులు ఈ పట్టణానికి పట్టుబట్టల పేరు తెచ్చారు. దేవళాల వరుసల్లా కనిపించే ఫోడా కుంభ అంచు ఉన్న బరంపురం పట్టుచీర, మగవారి పట్టుబట్టల జోడు ఇక్కడి ప్రత్యేకత. నేత ఇంట్లో పడుగు సిద్ధం కావాలన్నా, కండెలు చుట్టాలన్నా ఆడవారి చేతులు పడాలి. మగ్గం మీద కూర్చున్నది మగవాడు కాబట్టి చీర అతని పేరు మీద బయటికి వెళుతుంది. 2019-20 చేనేత గణనలో దేశంలోని చేనేత కార్మికుల్లో నూటికి 70 మందికి పైగా స్త్రీలే అని తేలింది. అలాంటి ఇంట్లో పెరిగే కుర్రాడికి అమ్మ చేసేది 'సాయం'గా, నాన్న చేసేది 'పని'గా కనిపిస్తుంది. ఈ ఒక్క మాట తేడా సరిదిద్దగలిగితే చాలా దూరం వెళ్లవచ్చు. ఎందుకంటే ఇలాంటి ఇంట్లో ఆడవారి శ్రమ కళ్లముందే ఉంది, నలుగురికీ తెలుసు. దాని పేరు ఒక్కటే తప్పుగా ఉంది.

ఈ జిల్లాల మగపిల్లల సంగతి మాట్లాడాలంటే సూరత్ గురించి మాట్లాడక తప్పదు. గంజాం నుంచి లక్షల మంది గుజరాత్‌లోని సూరత్ మరమగ్గాల మీద పనిచేస్తున్నారు. ఒడియా కుటుంబాల కుర్రాళ్లకు ఆ దారి ఎక్కువ అలవాటైతే, తెలుగు కుటుంబాల పిల్లలకు విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై కూడా దగ్గర. ఎటు వెళ్లినా వెళ్లే తీరు ఒక్కటే. ఎనిమిదో తొమ్మిదో చదివి, పదో తరగతి గట్టెక్కినా గట్టెక్కకపోయినా, మీసం మొలిచే వయసులో మేనమామ వెంటో ఊరి పెద్దన్న వెంటో రైలెక్కడం. అక్కాచెల్లెళ్లు ఊళ్లోనే ఉండి ఇంటరు దాకా, డిగ్రీ దాకా చదువుతున్నారు. 'ఉద్యోగం పురుష లక్షణం' అన్న మాట ఇక్కడ పదహారేళ్లకే అమల్లోకి వస్తోంది.

సూరత్ మరమగ్గాల షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టులు. కూలి నేసిన మీటర్ల లెక్కన. చెవులు దిబ్బడ వేసే మోత. నివాసం మెస్ గదుల్లో. పగటి షిఫ్టువాళ్లు పనికి వెళ్లగానే రాత్రి షిఫ్టువాళ్లు అదే చాప మీద నడుం వాలుస్తారు. ఒక గదిలో పదుల సంఖ్యలో మగవాళ్లు, ఆడ మనిషి ఛాయ లేని లోకం. పుట్టింది మొదలు కంచం తీయని కుర్రాడు అక్కడ తన గుడ్డలు తానే ఉతుక్కుంటాడు, తన మూల తానే ఊడ్చుకుంటాడు. మెస్‌లో వంట చేసేవాడూ మగవాడే, చాలాచోట్ల ఊరివాడే. అంటే మగవారికి ఇంటి పని చేతకాదన్న మాట సూరత్‌లో రోజూ అబద్ధమవుతోంది. అదే కుర్రాడు పండుగకో పెళ్లికో ఊరికి వచ్చిన రోజున మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడుగుతాడు. చేతికి వచ్చిన పని ఊరి పొలిమేరలో ఆగిపోతుంది. అక్కడ చేస్తే అవసరం, ఇక్కడ చేస్తే నామోషీ. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే పెంపకం దగ్గరే తేలుతుంది. వచ్చినవాడికి కాళ్లకు నీళ్లివ్వడం ప్రేమ. ఆ ప్రేమలోనే, అతను నాలుగేళ్లుగా సొంతంగా బతికిన సంగతిని ఇల్లు మరచిపోతోంది.

ఈ కుర్రాళ్లను నిందించి ఊరుకోవడం అన్యాయం. పదహారేళ్లవాడికి ఇల్లు అప్పగించే కొలమానం ఒక్కటే: నెలకు ఎంత పంపాడు. అప్పు తీర్చాలి, అక్క పెళ్లి చేయాలి, కప్పు వేయించాలి. ఫోను చేసినప్పుడు తిన్నావా అని అమ్మ అడుగుతుంది, డబ్బు పంపావా అని నాన్న అడుగుతాడు. బెదిరిపోయావా, రాత్రి నిద్ర పడుతోందా, ఎవరైనా కొట్టారా అని అడిగేవారు తక్కువ. అడిగినా చెప్పే భాష అతని దగ్గర లేదు. 'నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదు' అన్న సామెత వింటూ పెరిగినవాడు ఏడుపు ఎక్కడ దాచుకుంటాడు? కొందరు మందులో దాచుకుంటారు, కొందరు కోపంలో దాచుకుంటారు. దేశంలో 2022లో నమోదైన 1,70,924 ఆత్మహత్యల్లో పదింట ఏడు మగవారివి. కుటుంబ సమస్యలు, అనారోగ్యం అని కారణాల పట్టిక చెబుతుంది. నోరు తెరిచి చెప్పుకోలేకపోవడానికి ఆ పట్టికలో గడి లేదు.

ఒంటి గురించిన అజ్ఞానం మరో మూట. 2000 తర్వాతి సంవత్సరాల్లో ఒడిశాలో ఎయిడ్స్ కేసులు అత్యధికంగా బయటపడిన జిల్లాగా గంజాం పేరు మోగింది. వలస వెళ్లిన మగవారికి సోకి, ఇంటి పట్టునే ఉన్న భార్యలకు చేరిన కథలు అవి. ఆడపిల్లకు పుష్పవతి అయిన రోజున ఇంటి ఆడవారు మంచో చెడో నాలుగు మాటలు చెబుతారు. మగపిల్లవాడి ఒంట్లో వచ్చే మార్పు గురించి తండ్రి నోరు మెదపడు, మేనమామ నవ్వి ఊరుకుంటాడు. ఆ ఖాళీని ఇప్పుడు చేతిలోని ఫోను నింపుతోంది, అదీ అత్యంత హీనమైన దృశ్యాలతో. స్త్రీ శరీరం గురించి అతను మొదట నేర్చుకునేది బలవంతాన్ని ఆటగా చూపే తెర మీద. ఇంట్లో సిగ్గు పేరుతో పాటించిన మౌనానికి మూల్యం ఆ తర్వాత మరొకరి కూతురు చెల్లిస్తుంది.

చట్టం సంగతి కూడా అతనికి ఎవరూ చెప్పరు. పెళ్లికి ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 నిండాలని అందరికీ తెలుసు. 18 లోపు అమ్మాయితో, ఆమె ఇష్టంతోనే అయినా, శారీరక సంబంధం 2012 నాటి పోక్సో చట్టం కింద నేరమని ఎంతమంది పదిహేడేళ్ల కుర్రాళ్లకు తెలుసు? ప్రేమించి ఊరు దాటిన జంటను పట్టుకొచ్చాక, అమ్మాయిని హడావిడిగా మరొకరికి కట్టబెట్టడం, అబ్బాయిని కేసులో ఇరికించడం తరచూ జరిగేదే. ఇద్దరి బతుకులూ అక్కడే ముడిపడి ఆగిపోతాయి. కాదు అన్న మాటను ఎలా తీసుకోవాలో, ఔను అన్నా ఎప్పుడు ఆగాలో నేర్పకుండా వదిలేసి, తప్పు జరిగాక శిక్ష గురించి మాట్లాడటం పెద్దల చేతగానితనం.

ఇక లెక్కలు. 2011 జనాభా లెక్కల్లో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు దేశంలో 919 మంది, ఒడిశాలో 941 మంది ఆడపిల్లలు ఉన్నారు. పదేళ్ల ముందు ఒడిశా సంఖ్య 953. గంజాంలో అది 900 దగ్గరకు, పక్కనే ఉన్న నయాగఢ్‌లో 855కు దిగింది. 2007లో నయాగఢ్‌లో ఒక పాడుబడ్డ బావిలో పాలిథిన్ సంచుల్లో కట్టి పడేసిన పిండాల అవశేషాలు బయటపడి దేశమంతా ఉలిక్కిపడిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. లింగ నిర్ధారణ పరీక్షలను నిషేధించే చట్టం 1994లోనే వచ్చింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అంతకు ముందటి అయిదేళ్ల పుట్టుకలు చూస్తే ఒడిశాలో వెయ్యి మంది మగశిశువులకు 894 మంది ఆడశిశువులే తేలారు. అంతకు ముందటి సర్వేలో ఆ సంఖ్య 932.

అదే 2011 లెక్కల్లో తీరం వదిలి కొండలెక్కితే చిత్రం తిరగబడుతుంది. గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి, నవరంగపురం జిల్లాల్లో మొత్తం జనాభాలో ఆడవారే మగవారికంటే ఎక్కువ. నవరంగపురంలో చిన్నపిల్లల సంఖ్యలు కూడా దాదాపు సరిసమానం. అంటే రాష్ట్రంలో అతి పేద జిల్లాల్లో ఆడపిల్ల బతుకుతోంది. స్కానింగ్ కేంద్రాలు, కాలేజీలు, సూరత్ డబ్బు ఉన్న తీరంలో ఆమెకు చోటు తగ్గుతోంది. పేదరికమే దీనికంతటికీ కారణమని సరిపెట్టుకునేవారికి ఈ సంఖ్యలు జవాబు.

కొండల్లో సవరలు, కోంధుల వంటి గిరిజనుల మధ్య పెళ్లికి వరుడి వైపువారే వధువు ఇంటికి సొమ్మో పశువులో ఇచ్చే ఆచారం ఉంది. తెలుగులో దాన్ని ఓలి అంటారు. ఉత్తరాంధ్ర, గంజాం తెలుగు కులాల్లో కూడా ఓలి ఒకప్పుడు విస్తారంగా ఉండేది. పొలంలో ఆమె చేసే పని కళ్లకు కనిపించేది కాబట్టి, ఆమె వెళ్లిపోతే పుట్టింటికి నష్టమన్న లెక్క అందులో ఉంది. కొడుకులు బడికి, ఉద్యోగానికి వెళ్లడం మొదలయ్యాక ఓలి పోయి కట్నం వచ్చింది. 1961 చట్టం కట్నాన్ని నేరమంది, కట్నం ఆగలేదు. ఓలి ఉన్నచోట స్త్రీకి సమానత్వం ఉందని చెప్పడం పొరపాటు. అక్కడా ఆమెకు వెల కడుతున్నారు, అక్కడా నిర్ణయం పెద్దలదే. అయితే ఓలి నుంచి కట్నానికి మారిన ఈ ప్రయాణం ఒక విషయం తేటతెల్లం చేస్తుంది: కొడుకు విలువ పెరిగిన కొద్దీ అతను ఇంటికి ఒక ఆస్తిగా మారాడు. చదువుకు పెట్టిన ఖర్చు కట్నంలో రాబట్టుకోవాలనే ఇల్లు, ఆ కొడుకును కూడా సరుకుగానే చూస్తోంది. అతని ఇష్టం, అతని భయం, అతను ఎవరితో బతకాలనుకుంటున్నాడన్నది ఆ బేరంలో లెక్కకు రావు. కట్నం వల్ల ఆడపిల్ల నష్టపోతుందని అందరం చెబుతాం. మగపిల్లవాడు కూడా అందులో అమ్ముడుపోతున్నాడని అతనికి చెప్పవలసిన వయసు పద్నాలుగో పదిహేనో. పాతికేళ్లు వచ్చాక, బేరం కుదిరాక, అతని నోట కాదన్న మాట రావడం అరుదు.

తెలుగు ఇళ్లకు ఒక పాత బలం ఉండేది. మేనరికాల వల్ల ఆడపిల్ల అత్త ఇంటికో, మేనమామ ఇంటికో, తెలిసిన ఊరికే వెళ్లేది. మేనరికాలు తగ్గడం ఆరోగ్యపరంగా మంచిదే, పిల్లల ఇష్టం దృష్ట్యా ఇంకా మంచిది. వాటితో పాటు పుట్టింటి అండ కూడా దూరమైంది. 'ఆడపిల్ల ఆడ పిల్లే గాని ఈడ పిల్ల కాదు' అన్న సామెతకు ఇప్పుడు నిజంగానే దూరం వచ్చి చేరింది. ఆ దూరంలో ఆమెకు దిక్కు భర్త పెంపకమే. అతన్ని అతని తల్లిదండ్రులు ఎలా పెంచారన్నదాని మీద ఎక్కడో పుట్టిన ఒక అమ్మాయి బతుకు ఆధారపడి ఉండటం ఈనాటి పరిస్థితి.

ఇక్కడ తల్లుల మీద వేలు చూపడం చాలామందికి సులువు. కొడుకును గారం చేసి పాడుచేసింది తల్లే అంటారు. 2019-21 సర్వేలో, ఏదో ఒక కారణం మీద భర్త భార్యను కొట్టడం సబబేనన్న స్త్రీలు నూటికి 45 మంది, పురుషులు 44 మంది. ఆ సంఖ్యలు చూసి ఆడదే ఆడదానికి శత్రువనడం తొందరపాటు. జీవితమంతా ఒక ఇంట్లో బతకవలసిన మనిషి ఆ ఇంటి న్యాయాన్ని తన న్యాయంగా చేసుకుంటుంది, లేకపోతే బతకలేదు. పైగా కొడుకు ఆమెకు ముసలితనంలో ఉన్న ఏకైక భరోసా. కూతురి ఇంట తినకూడదన్న కట్టుబాటు ఉన్నంతకాలం, పెన్షను చాలనంతకాలం, ఆమె కొడుకును కాస్త ఎక్కువగా చూసుకుంటే అది ప్రేమతో పాటు జీవనభయం కూడా. ఆ భయం తగ్గించకుండా తల్లికి హితబోధ చేస్తే ఫలితం ఉండదు. అసలు ఈ చర్చలో తండ్రి ఎక్కడ? సంఘం సమావేశాలకు తల్లులను పిలుస్తారు, పోషకాహారం గురించి తల్లులకు చెబుతారు, బడి నుంచి కబురు తల్లికే వస్తుంది. పంచాయతీ సభలో మాత్రం సర్పంచి కుర్చీ పక్కన ఆమె భర్త కూర్చుని మాట్లాడతాడు. గెలిచింది అమ్మ, మాట్లాడింది నాన్న. దాన్ని రోజూ చూసే కొడుకు ఏ పాఠం నేర్చుకుంటాడో వేరే చెప్పనక్కరలేదు.

సూరత్ వలస ఈ తండ్రి ఖాళీని ఇంకా పెంచింది. ఏడాదికి పది నెలలు నాన్న ఫోనులో గొంతు మాత్రమే. ఇల్లు, పొలం, బ్యాంకు, ఆసుపత్రి అన్నీ అమ్మ చూసుకుంటుంది. 2020 వేసవిలో మూతపడిన మరమగ్గాల నుంచి లక్షల మంది గంజాం తిరిగి వచ్చినప్పుడు చాలా ఇళ్లలో మొదటిసారి తండ్రీ కొడుకులు నెలల తరబడి ఒకే కప్పు కింద ఉన్నారు. అది ఒక అరుదైన అవకాశం. తండ్రి కొడుకుతో కలిసి నాలుగు ఉల్లిపాయలు తరిగినా మేలు జరిగేది. ఆ అవకాశం అప్పులు, ఆందోళన మధ్య గడిచిపోయింది. మళ్లీ రైళ్లు నడవగానే తండ్రులు వెళ్లారు, కొందరు కొడుకులను కూడా తీసుకెళ్లారు.

మగపిల్లల ఆలోచన మార్చడం వీలవుతుందా అని సందేహించేవారికి ఒక గట్టి ఆధారం ఉంది. హర్యానాలో నాలుగు జిల్లాల్లోని 314 ప్రభుత్వ పాఠశాలల మీద పరిశోధకులు ఒక ప్రయోగాన్ని పరిశీలించారు. కొన్ని బడుల్లో ఏడో తరగతి నుంచి పదో తరగతి మధ్య పిల్లలతో రెండున్నరేళ్ల పాటు, కొన్ని వారాలకు ఒకసారి, ముప్పావు గంట సేపు ఆడా మగా విషయాల మీద చర్చ నడిపారు. ఇంటి పని ఎవరిది, అక్కను చదివించాలా, భయం వేస్తే ఏం చేయాలి లాంటి సంగతులే. వివక్షను సమర్థించే అభిప్రాయాల్లో ఆరో వంతు దాకా మారాయి. చర్చలు ముగిసిన రెండేళ్ల తర్వాత కూడా ఆ మార్పు చెరగలేదు. అన్నిటికంటే గమనించవలసింది, ఇంటి పనిలో చేయి వేయడం మగపిల్లల్లో పెరిగింది. ఆడపిల్లలు తమ ఆలోచన మార్చుకున్నా ఇల్లు వారిని కదలనివ్వదు. మగపిల్లవాడు మారదలచుకుంటే అతన్ని ఆపేది పెద్దగా లేదు, చీపురు పట్టుకుంటే చాలు. మార్పుకు మగపిల్లవాడే సులువైన ద్వారమన్న మాట. ఆ పాఠాలను పంజాబ్‌తో పాటు ఒడిశా ప్రభుత్వం కూడా తన బడులకు తీసుకుంది. కేరళలో 2024లో వచ్చిన మూడో తరగతి పుస్తకంలో తండ్రి వంటింట్లో కొబ్బరి తురుముతున్న బొమ్మ వేశారు. చిన్న బొమ్మే, కానీ ఎనిమిదేళ్లవాడి కంట పడేది బొమ్మే కదా.

అయితే ఏడో తరగతి దగ్గర మొదలుపెట్టడం ఈ జిల్లాలకు ఆలస్యమవుతుంది. ఎనిమిదితో బడి మానేసే కుర్రాడికి ఏడాది పాఠమే దక్కుతుంది. నాలుగు, అయిదు తరగతుల్లోనే మొదలుకావాలి.

బయటి నుంచి ఏదీ దిగుమతి చేసుకోనక్కరలేని వనరులు కూడా ఇక్కడే ఉన్నాయి. జూన్ మధ్యలో వచ్చే రొజొ పండుగ మూడు రోజులూ భూమాత రజస్వల అయిందని దుక్కి దున్నరు, నేల తవ్వరు. ఆడవారు పొయ్యి ముట్టకుండా ఉయ్యాలలూగుతారు. పొడొపిఠా అనే పిండివంట ముందే చేసి పెట్టుకుంటారు. స్త్రీ ఒంటి ధర్మాన్ని దాచకుండా ఊరంతా పండుగ చేసుకునే ఆచారం ఇంత దగ్గర ఉండగా, మగపిల్లవాడికి ఋతుస్రావం గురించి చెప్పడానికి సిగ్గెందుకు? ఆ మూడు రోజులు వంట మగవారిదైతే, అందులో కొడుకుకు ఒక పూట అప్పగిస్తే, పండుగ అర్థం చెడదు సరికదా నిండుతుంది. మార్గశిరంలోనే వచ్చే ప్రథమాష్టమి ఇంకో మేలైన ఆచారం. ఆ రోజు ఇంటి తొలిచూలు బిడ్డకు మేనమామ ఇంటి నుంచి కొత్త బట్టలు వస్తాయి, హారతి పడుతుంది. తొలి బిడ్డ కొడుకైనా కూతురైనా ఒకటే. వంశోద్ధారకుడి కోసం ఎదురుచూసే తెలుగు ఇళ్లు పొరుగువారి నుంచి తీసుకోదగిన పండుగ ఇది. బరంపురంలో రెండేళ్లకొకసారి చైత్రంలో జరిగే ఠాకురాణి జాతరలో బూఢీ ఠాకురాణి అమ్మవారిని గుడి నుంచి దేశీబెహెరా వీధిలోని పుట్టింటికి తీసుకొస్తారు. ఆ పుట్టింటివారు దేరా నేతకారులు. ఊరినంతా కాచే తల్లి, ఊళ్లో ఒక కులానికి ఆడపడుచు. ఆమెను పిలుచుకురావడం వారికి గౌరవం. కూతురు తిరిగిరావడాన్ని భారంగా తలచే కాలంలో ఈ ఊరేగింపు వెంట నడిచే మగపిల్లలకు ఆ సంగతి విడమరచి చెప్పేవారు ఉండాలి.

చెప్పడం దగ్గర ఒక చిక్కు ఉంది, అది ఈ సరిహద్దుకే ప్రత్యేకం. ఇక్కడి తెలుగు పిల్లల్లో చాలామంది ఒడియాలో చదువుకుంటారు. సమానత గురించి బడిలో ఏం విన్నా అది ఒడియాలో వింటారు, పరీక్షలో ఒడియాలో రాస్తారు. ఇంటికి వచ్చాక నాయనమ్మ సామెత తెలుగులో పలుకుతుంది, మగపిల్లవాడివి ఏడుస్తావేమిటన్న మందలింపు తెలుగులో వస్తుంది. బడి మాట వంటింటి భాషలోకి దిగదు. పిల్లవాడు రెంటినీ రెండు పెట్టెల్లో పెట్టుకుని తిరుగుతాడు. ఆ పనికి పాఠ్యపుస్తకాల అనువాదం చాలదు. ఇంట్లో వాడే తెలుగులోనే కొత్త మాటలు పుట్టాలి. అమ్మకు సాయం చేయరా అనడం మాని, ఈ పూట అంట్లు నీవి అనడం అలాంటి మాట.

బరంపురం, రాయగడ, పర్లాకిమిడి లాంటి పట్టణాల్లో తెలుగువారు ఉగాదికి, సంక్రాంతికి కలుసుకుంటూనే ఉన్నారు. కవితలు చదువుతారు, భాష నిలవాలని తీర్మానిస్తారు, ముగ్గుల పోటీలు పెడతారు. ఆ పోటీలు ఎక్కడైనా మహిళలకనే ప్రకటిస్తారు. ఫోడా కుంభ అంచులో దేవళాల వరుసలు నేసిన చేతులు మగవారివి. గీత తప్పకుండా చుక్కలు కలపడం ఆ ఇళ్ల మగపిల్లల రక్తంలో ఉంది. వచ్చే సంక్రాంతి ప్రకటనలో మహిళలకు అన్న ఒక్క మాట తీసేసి, అయిదో తరగతి కుర్రాళ్లకు కూడా గుప్పెడు పిండి ఇచ్చి, వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లే పని కూడా వారికే అప్పగించవచ్చు.